ముప్పై లక్షల సర్పంచి

నెమలిగుట్ట తండాలో సర్పంచి పదవిని వేలం వేసిన పొద్దు కాళి పత్తిచేను నుంచి నేరుగా పంచాయతీ ఆఫీసు ముందుకు వచ్చింది. నడుముకు కట్టిన పత్తి ఒడి ఇంకా విప్పలేదు. పత్తికాయల మొనలు గీసి వేళ్ల చివర్లు మండుతున్నాయి.

ఆఫీసు ముందు కుర్చీలు వేశారు. నడిమి కుర్చీలో మానుకోట నుంచి వచ్చిన క్వారీ కంట్రాక్టర్ చంద్రమౌళి కూర్చున్నాడు. సీటు గిరిజనులకు రిజర్వు కావడంతో ఆయన నిలబడే వీలు లేదు. నిలబడలేని చోట కొనుక్కోవడం ఆయనకు కొత్త కాదు. తన ట్రాక్టర్ నడిపే హీర్యాకు తెల్లచొక్కా తొడిగి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. హీర్యా తండా బిడ్డే. ఆ చొక్కా మడతలు కూడా విప్పుకోకుండా, ఫొటోకు కూర్చున్నవాడిలా బిగుసుకుని ఉన్నాడు.

తండా పెద్ద లక్ష్మానాయక్ లేచి గొంతు సవరించుకున్నాడు. "సేవాలాల్ గుడికి ఎవరెంత ఇస్తరో చెప్పున్రి. ఎక్కువ ఇచ్చినోళ్లే సర్పంచి. మిగిలినోళ్లు నామినేషన్ ఎయ్యొద్దు. ఏకగ్రీవం చేద్దాం."

ఎదురు పాడేవాడే లేడు. అయినా పాట పెరిగింది. చంద్రమౌళి పది లక్షలన్నాడు. జనం ముఖాలు చూసి పదిహేనన్నాడు. ఎవరో ఈల వేస్తే ఇరవై అన్నాడు. బిచ్చం వేసేవాడికి గిన్నె చప్పుడు వినడంలో ఉండే సంబరం ఆయన ముఖంలో కనిపించింది.

"గుట్ట సంగతేంది?" అని కాళి అడిగింది.

తండా వెనకున్న గుట్టను చంద్రమౌళి క్వారీ ఇప్పటికే సగం తినేసింది. తండా తాగే ఊటబావి మిగిలిన సగం కిందే ఉంది. ఆ సగం కూడా తవ్వాలంటే గ్రామసభ తీర్మానం కావాలి. సర్పంచి తన చేతిలో ఉంటే తీర్మానం ఎంతసేపని ఆయన లెక్క. పోయిన వానకాలం పేల్చిన రాయి ఎగిరొచ్చి మేకలు కాస్తున్న శివాజీ తలకు తగిలింది. బండి మీద నుంచి జారిపడి చచ్చాడని కాగితం పుట్టింది. ఆ కాగితం మీద సంతకం చేసింది అప్పటి సర్పంచే.

"ఎవరే నువ్వు?" అన్నాడు చంద్రమౌళి. "నామినేషన్‌కే వెయ్యి రూపాలు గావాలె. నీ ఒడి దులిపితే పత్తిగింజలు రాల్తయి. వాటితోని చేస్తవా ఎలక్షన్?"

కుర్చీల్లో ఉన్నవాళ్లు నవ్వారు. వెనక నిలబడ్డ తండావాళ్లలో కూడా కొందరు నవ్వారు. చంద్రమౌళి నవ్వును కాళి లెక్కచేయలేదు. వాడు నవ్వక ఏడుస్తాడా! తనోళ్లు నవ్వడమే ఆమెకు గుచ్చుకుంది. ఇద్దరు మనుషులు భుజం పట్టి ఆమెను గేటు దాకా నెట్టుకుపోయారు.

మర్నాడు పగటి బువ్వకు చేను గట్టున కూర్చున్నప్పుడు ఆమె ఆ మాట ఎత్తింది. నలభై మంది ఆడవాళ్ల ముఠాకు కాళి మేస్త్రి. ఎవరి చేనుకు ఎప్పుడు పోవాలో, కూలి ఎంతో, మాట్లాడేది ఆమే.

"ఎడ్లను అమ్మేటప్పుడు కూడ నోరు తెరిచి పండ్లు సూస్తరు. మనల సూడకుండనే అమ్మిన్రు. మనం ఒక మనిషిని నిలబెడదాం."

ఒకామె సద్దిగిన్నె మూత పెట్టుకుంది. ఒకామె, "వానితోని మనకెందుకక్కా, వాడు దొంగసారా కేసు పెట్టిస్తడు" అంది.

చివరి వరసలో కూర్చున్న అఖిల చెయ్యి కడుక్కుని లేచింది. శివాజీ భార్య. ఇరవై నాలుగేళ్లు. మానుకోటలో డిగ్రీ చదివి, మొగుడు పోయాక పత్తిచేలోకి వచ్చిన పిల్ల.

"నేను నిలబడ్త యాడీ" అంది. కాళిని అమ్మా అనే పిలుస్తుంది, తమ భాషలో. "గెలుస్తనో లేదో తెల్వదు. గని ఆ సంతకం పెట్టే కుర్సీ వానికి ఊకనే ఇయ్యను."

హనుమకొండలో చదువుతున్న రాకేశ్ ఆ వారం తండాకు వచ్చి ఉన్నాడు. విద్యార్థి సంఘంలో తిరిగేవాడు. వేళ్లు మడిచి ఖర్చు చెప్పాడు. డిపాజిట్, కరపత్రాలు, మైకు, ఆటోలు, పోలింగ్ నాడు బూత్ దగ్గర కూర్చునేవాళ్లకు బువ్వ. ఎంత గుంజి చూసినా అరవై వేలకు తగ్గదన్నాడు. డిపాజిట్ వెయ్యి ఆడవాళ్లు అక్కడికక్కడే కొంగుముళ్లు విప్పి వేశారు. అఖిల నామినేషన్ వేసింది. చంద్రమౌళి ఏకగ్రీవం ఆ కాగితంతో చెడింది.

రెండో రోజే తండాలోకి తెల్లకారు వచ్చింది. జనగామ నుంచి ఒక పార్టీ నాయకుడు దిగాడు. ఇస్త్రీ నలగని బట్టలు, దూరానికే కొట్టే అత్తరు. అఖిల గుడిసె ముందు మంచం మీద కూర్చుని, ఆమె ఇచ్చిన నీళ్లను పెదవులకు తాకించి పక్కన పెట్టాడు.

"చంద్రమౌళి దౌర్జన్యం మాకు తెల్సు. మీరు భయపడొద్దు. ఐదు లక్షలు తెచ్చిన. జెండా కూడ పట్టమంటలేను. గెలిచి మాతోని ఉంటే సాలు" అని సంచి మంచం మీద పెట్టాడు.

క్షణంలో వంద మంది పోగయ్యారు. రాకేశ్ కళ్లు ఆ సంచి మీదే ఉన్నాయి.

"తీస్కుందాం" అన్నాడు. "ముల్లును ముల్లుతోనే తియ్యాలె. మనకు అరవై వేలు యాడికెళ్లి వస్తయి? ముందుగాల చంద్రమౌళిని ఓడగొడ్దాం. తర్వాత ఇతని సంగతి సూస్కోవచ్చు."

"ముల్లు తీసినంక తీసిన ముల్లు కాలిల్నే ఉంటే ఎట్ల నడుస్తవ్ రాకేశూ?" అంది కాళి. నాయకుడి వైపు తిరిగింది. "అన్నా, నువ్వు గుట్ట తవ్వనియ్యనని గిప్పుడే గీ జనం ముంగట కాగితం రాసిస్తవా?"

నాయకుడు నవ్వాడు. "గవన్నీ తర్వాత మాట్లాడుకుందాం అవ్వా. ప్రభుత్వ రూల్స్ ఉంటయి, పర్మిషన్లు ఉంటయి..."

"రూల్సు ప్రకారం నీక్కూడ గుట్టనే గావాలె."

"నీకు రాజకీయం తెల్వదవ్వా."

"తెల్సుకున్న. ఎవని పైసలో వానిదే పంచాయతి. గంతే గద రాజకీయం."

వాదన చాలాసేపు సాగింది. ఆకలి మీదున్నవాళ్లు తీసుకుందామన్నారు. సిగ్గున్నవాళ్లు వద్దన్నారు. ఆకలీ సిగ్గూ రెండూ ఉన్నవాళ్లే ఎక్కువ, వాళ్లు నేల చూస్తూ నిలబడ్డారు. చివరికి అఖిల సంచి ఎత్తి, జనం మధ్య నుంచి నడిచి, కారు బానెట్ మీద పెట్టింది. నాయకుడి ముఖం మీది ప్రజాప్రేమ అంతా ఒక్క నిమిషంలో ఆవిరైంది.

"సావున్రి. తండాలల్ల పడి సావున్రి" అంటూ అద్దం ఎక్కించుకుని పోయాడు.

తెల్లారి రాకేశే కాళి గుడిసెకు వచ్చాడు. "మరి ఎట్ల అవ్వా?"

"పని చేద్దాం. ఒక్కదినం తండా మొత్తం పత్తి ఏరుతది. ఆ కూలి మొత్తం ఎలక్షన్‌కు."

ఆ మాట తండా దాటేలోపే చంద్రమౌళి చెవిన పడింది. తండాకు దగ్గరి గూడూరు చుట్టుపక్కల రైతులందరికీ ఆయన ట్రాక్టర్లతో, సరుకు తోలే డీసీఎం బండ్లతో పని ఉంటుంది. నెమలిగుట్టోళ్లను చేలో కాలు పెట్టనిస్తే మీ పత్తి మార్కెట్‌కు పోదని కబురు పంపాడు. రైతులు తల గోక్కున్నారు. పత్తి చెట్టు మీదే ఉండి తెల్లగా వేలాడుతోంది. కాళి ఏడు చేల దగ్గరికి పోయింది. ఏడు చోట్లా ఆసాములు మంచినీళ్లు ఇచ్చి ముఖం తిప్పుకున్నారు. మందిని భయపెట్టి బతికేవాడిని కాళి చూసింది గానీ, చెట్టు మీది పంటను కూడా భయపెట్టేవాడిని అప్పుడే చూసింది.

దారి చూపింది చాంద్‌పాషా. గూడూరులో డీసీఎం బండి నడుపుకునేవాడు, ఇరవై ఏళ్లుగా కాళి ముఠాను చేలకు తిప్పేవాడు. అతని బండి అతనిదే. చంద్రమౌళికి సలాం కొట్టే అవసరం లేదు.

"ఘనపూర్ దిక్కు విజయక్క అని ఉన్నది. కౌలుకు ఇరవై ఎకరాలు పెట్టింది. ముసురు పడ్తదంటున్నరు, కూలోళ్లు దొర్కక పరేషాన్ అయితున్నది. ఆమెకు చంద్రమౌళి ఎవడో కూడ తెల్వదు. నా బండి, మా తమ్ముని బండి, రెండు తెస్త. డీజిల్ నాది."

"పైసలు తీస్కోవా పాషన్నా?"

"మీరు కూలి ఇడుస్తున్నరు. నేను కిరాయి ఇడుస్త. దీంట్ల లెక్కేముంది?"

చీకటి విడవకముందే నూట ముప్పై మంది బండ్లెక్కారు. జన్మలో పత్తి ఏరని మొగవాళ్లు కూడా వచ్చారు. ఆడవాళ్ల పనని వెక్కిరించిన నోళ్లు మధ్యాహ్నానికి మూతపడ్డాయి, నడుములు పట్టేశాయి. రాకేశ్ పొద్దుందాకా ఏరితే పదకొండు కిలోలు తూగింది. పక్కన కాళిది యాభై రెండు. "డిగ్రీలు తూకానికి వస్తలేవు" అని ఆడవాళ్లు పడీపడీ నవ్వితే రాకేశ్ కూడా నవ్వాడు. అఖిల మొగుడు పోయాక నవ్వడం కాళి చూసింది ఆ రోజే.

పొద్దుగూకే ముందు విజయ తూకం వేసింది. కిలోకు పన్నెండు రూపాయల లెక్కన యాభై ఆరు వేల చిల్లర అయింది. "ఓడిపోతే మల్ల రాండ్రి, గెలిస్తే కూడ రాండ్రి. నాకు రెండో ఏరుడు ఉంటది" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఎన్నికల చెక్‌పోస్టు దగ్గర పోలీసులు బండ్లు ఆపారు. సరిగ్గా అదే సమయంలో చంద్రమౌళి నల్లకారు వచ్చింది. ఎస్సై చెయ్యెత్తాడు, ఆపడానికి కాదు, సలాం చేయడానికి. కారు వెనక ఏముందో అడగలేదు. డీసీఎం బండిలోని సద్దిగిన్నెలు మాత్రం ఒక్కొక్కటే తెరిచి చూశారు. కాళి ఒళ్లోని గుడ్డసంచి దొరికింది.

"ఎవరివే ఇన్ని పైసలు?"

"మాయి."

"మాయి అంటే ఎవరియి?"

"గీ బండ్లల్ల కూసున్నోళ్లయి అన్ని. పత్తి ఏరినం."

"యాభై వేలు దాటితే కాగితం ఉండాలె. ఓట్లకు పంచనీకె తీస్కపోతున్నవ్ గద! ఎవడిచ్చిండు, పేరు చెప్పు."

కాళికి కోపం కంటే ముందు అసహ్యం వచ్చింది. తన చేతులు రెండూ చాపి వాడి ముఖం ముందు పెట్టింది. గీతల్లో రక్తం ఎండి నల్లబడి ఉంది. ఎస్సై ముఖం చిట్లించి, "జీపెక్కు" అన్నాడు.

ఆ పూట ఆమెను ఠాణాలో బల్ల మీద కూర్చోబెట్టారు. ఎవరు పంపారు, ఏ పార్టీ, ఏ దళం అని మార్చి మార్చి అడిగారు. వాళ్ల బుర్రకు అందనిది ఒక్కటే, పేదోడికి పేదోడే పైసలివ్వడం. ఆ మాట చెప్పిన ప్రతిసారీ అబద్ధమని కొట్టిపారేశారు. కాళికి భయం వేయలేదని చెప్పలేం. తండాలో భయపడి ఎవరూ రారేమోననే భయం మాత్రం గట్టిగానే వేసింది.

తెల్లవారి తొమ్మిదింటికి ఠాణా ముందు చప్పుడైంది. పత్తి ఏరబోయినవాళ్లంతా వచ్చారు. అరవలేదు, రాళ్లు వేయలేదు. రేషన్ దుకాణం ముందు నిలబడ్డట్టు వరస కట్టారు. ముందు అఖిల నిలబడింది.

"సార్, పైసలు ఎవరియని అడిగిన్రంట. చెప్పనీకె వచ్చినం. అఖిల. నలభై ఒక్క కిలోలు. రాసుకోండ్రి."

వెనకామె వచ్చింది. "రాజీ. ముప్పై ఎనిమిది."

"రాకేశ్. పదకొండు."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకుంటూ రాయడం మొదలుపెట్టాడు. ఎస్సై వద్దని కసిరాడు. వరస కదల్లేదు. రాసేదాకా పోయేది లేదన్నారు. మధ్యాహ్నానికి విజయ ఘనపూర్ నుంచి బస్సెక్కి వచ్చింది. తూకం చీటీలు బల్ల మీద పరిచి, కూలి ఇచ్చింది నేనేనని సంతకం చేసింది. సాయంత్రానికి కాళిని వదిలిపెట్టారు. పైఅధికారుల దగ్గర తిరగ్గా తిరగ్గా పైసలు నాలుగో రోజు చేతికొచ్చాయి. ప్రచారానికి మూడు రోజులే మిగిలాయి. చంద్రమౌళికి కావలసింది అదే.

ఆ మూడు రోజులూ అఖిల మనుషులు ఇల్లిల్లూ తిరిగారు. చంద్రమౌళి మనుషులు కూడా తిరిగారు, ఓటుకు మూడు వేలు, ఇంటికి కిలో మాంసం, మొగవాడికి సీసా పట్టుకుని. గుడికిస్తానన్న ఇరవై లక్షల మీద మరో పది లక్షలు పోశాడు. దేవుడి పైసలూ, సారా పైసలూ ఒక్క జేబులోంచే వచ్చాయి. లక్ష్మానాయక్ ఇంట్లో నాలుగు ఓట్లు. పన్నెండు వేలు తీసుకున్నాడు. కాళి ఎదురుపడితే దారి మారాడు.

ఫలితం వచ్చింది. హీర్యా పందొమ్మిది ఓట్ల తేడాతో గెలిచాడు.

పటాకులు పేలుతుంటే అఖిల అక్కడే నిలబడి లెక్క చెప్పింది. "ముప్పై లక్షలకు పందొమ్మిది ఓట్లు. ఒక్కోటి లక్షన్నర మీదనే పడ్డది. మనది ఉత్త పత్తి కూలి యాడీ, గింత దాక వచ్చింది."

కాళి రెండు రోజులు పనికి పోలేదు. గోడకు తిరిగి పడుకుంది. మూడో రోజు ముఠా ఆడవాళ్లు వచ్చి, "మేస్త్రివి నువ్వు పండుకుంటే మేం ఏ చేనుకు పోవాలె?" అని తిడితే లేచింది. మూడు రోజుల ప్రచారానికే ఖర్చవగా మిగిలిన డబ్బు ఏం చేద్దామని అడిగితే, "ఉండనియ్. వాడు ఊకుంటడా?" అంది.

వాడు ఊరుకోలేదు. నెల తిరక్కముందే గ్రామసభ పెట్టించాడు. మండలం నుంచి ఆఫీసరు వచ్చాడు. వీడియో తీసేవాడు వచ్చాడు. చంద్రమౌళి పిలవకున్నా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. హీర్యా చేతిలో కాగితం పెట్టారు. గుట్ట మిగతా భాగం క్వారీకి ఇవ్వడానికి గ్రామానికి ఏ అభ్యంతరమూ లేదని అతను కూడబలుక్కుంటూ చదివాడు. అభ్యంతరం అనే మాట దగ్గర మూడుసార్లు తడబడ్డాడు.

"ఒప్పుకునేటోళ్లు చేతులెత్తున్రి."

క్వారీలో జీతగాళ్లు అయిదుగురు ఎత్తారు. ఇంకెవరూ ఎత్తలేదు. చంద్రమౌళి వెనక్కి తిరిగి ఒక్కొక్క ముఖం చూశాడు. పైసలు తీసుకున్న ముఖాలన్నీ ఆయనకు గుర్తే. అవి కూడా కదల్లేదు. ఊటబావి నీళ్లు తాగేవాళ్లే అందరూ.

"లక్ష్మానాయక్, నిన్నే. చెయ్యెత్తు."

లక్ష్మానాయక్ రెండు చేతులూ చంకల్లో దోపుకున్నాడు.

"పన్నెండు వేలు లెక్కపెట్టి తీస్కున్నవ్ గదరా!" అని చంద్రమౌళి అరిచాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. ఆఫీసరు గబుక్కున కాగితాల్లో తల దూర్చాడు.

"తీస్కున్న సారూ. సిగ్గులేక తీస్కున్న. ఓటుకిచ్చినవ్, ఓటేసిన. చెయ్యికి ఇయ్యలే నువ్వు" అన్నాడు లక్ష్మానాయక్.

"ఎంతిస్తవో జర చెప్పు చంద్రమౌళీ, చెయ్యికి" అంది కాళి లేచి. "కెమెరా ముంగటనే చెప్పు. ఆఫీసరు సార్ రాసుకుంటడు."

తీర్మానం వీగిపోయిందని రాయక ఆఫీసరుకు తప్పలేదు. చంద్రమౌళి కుర్చీ తన్ని లేచాడు. తీర్మానం లేకున్నా మిషన్ తోలుతాననీ, ఎవడు అడ్డమొస్తాడో చూస్తాననీ అందరి ముందూ చెప్పిపోయాడు.

చెప్పినట్టే మూడో నాడు పెద్ద తవ్వే మిషన్ వచ్చింది. దాని వెనక రెండు పోలీసు వ్యాన్లు. గుట్ట దారి మీద తండా మొత్తం కూర్చుని ఉంది. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, లక్ష్మానాయక్, క్వారీ జీతగాళ్లలో ఇద్దరు. చాంద్‌పాషా బండి దారికి అడ్డంగా నిలబెట్టి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఘనపూర్ నుంచి విజయ పంపిన రెండు బస్తాల బియ్యం బండిలో ఉన్నాయి. పొయ్యి రాళ్లు అప్పుడే పెట్టారు.

చెక్‌పోస్టు దగ్గరి ఎస్సైనే దిగాడు. లాఠీతో బూటు మీద కొట్టుకుంటూ కాళి ముందుకు వచ్చాడు.

"మల్ల నువ్వేనా? చెప్పు, దీని వెనక ఎవడున్నడు? ఇన్ని దినాలు కూసోనీకె మీకు పైసలెవడిస్తున్నడు?"

కాళి లేవలేదు. కూర్చున్న చోటు నుంచే తలెత్తి వాడిని కింది నుంచి పై దాకా చూసింది.

"ఈ పొద్దు కూలి ఇడిచిపెట్టి వచ్చినం. రేపటి కూలి కూడ ఇడుస్తం. ఎల్లుండిది కూడ. ఎన్నొద్దులైతయో మాకు తెల్వంది గాదు. ఒక్కొక్కల పేరు చెప్తం, కాగితం సాలినంత తెచ్చుకో."

ఆమె పక్కనున్న అఖిల తన పేరు చెప్పింది. తర్వాతామె చెప్పింది. పేర్లు దారి పొడుగునా వెనక్కి పోతున్నాయి. మిషన్ నడిపేవాడు కాసేపు విని, ఇంజన్ ఆపేసి కిందికి దిగాడు.